మున్నేరు వరద తర్వాత: పొలంలో ఇసుక మేట, మునిగిన బోరు, చచ్చిపోయిన గేదె. ముందు ఏది చూసుకోవాలి?

ఏటిగట్టు_రైతు (ప్రశ్న)

మాది పెనుగంచిప్రోలు మండలం. సెప్టెంబరు 1న (2024) మున్నేరు పొంగి పొలాల మీద పడింది. ఇప్పుడు నీళ్లు పూర్తిగా తీశాయి. పరిస్థితి ఇదీ:

సొంతం 2 ఎకరాల 40 సెంట్లు, నల్లరేగడి, అంతా పత్తి. ఏటి వైపు 40 సెంట్లలో మోకాలి లోతు ఇసుక, అంటే దాదాపు అడుగున్నర. దాని పక్క ఎకరంలో 4 నుంచి 6 అంగుళాలు. ఆ పై ఎకరంలో అంగుళం ఒండ్రు పడింది, పత్తి నిలబడే ఉంది కానీ ఎండ వచ్చాక వాలిపోతోంది. కౌలుకు చేసేది ఎకరంన్నర వరి. ఆగస్టు మొదటి వారం నాట్లు, 4 రోజులు మునిగింది.

బోరు 6 అంగుళాలది, మూతి మీదుగా నీళ్లు పారాయి. సబ్‌మెర్సిబుల్ మోటారు లోపలే ఉంది, స్టార్టర్ డబ్బా మునిగింది. రెండు గేదెల్లో ఒకటి పోయింది, వాసన వస్తుంటే పూడ్చేశాం, ఫోటోలు ఉన్నాయి. గడ్డివామి సగం తడిసింది.

నష్టం రాసుకునే వాళ్లు ఇంకా మా వైపు రాలేదు. ఈలోపు ఒకాయన ఇసుక ఉచితంగా ఎత్తుకుపోతానంటున్నాడు, పొలం శుభ్రం అవుతుంది కదా అని ఇంట్లో అంటున్నారు. ఒప్పుకోవచ్చా? అసలు ముందు ఏ పని పెట్టుకోవాలి?

అడంగల్

ఇసుక మీద గడ్డపార వేయకండి. ఎన్యుమరేషన్ (అధికారులు వచ్చి నష్టం రాసుకోవడం) అయ్యేదాకా ఆ 40 సెంట్లు, ఆ ఎకరం ఉన్నదున్నట్టే ఉండాలి. చదును చేసిన పొలంలో మేట ఎంత పడిందో ఎవరూ రాయరు.

పంట నష్టం, భూమి నష్టం వేర్వేరు పద్దులు. చాలామంది పంట రాయించి ఊరుకుంటారు. కేంద్ర విపత్తు సహాయ నిబంధనల్లో (2022-26) పంట 33 శాతం, ఆపైన దెబ్బతింటే హెక్టారుకు నీటి వసతి ఉంటే 17,000, వర్షాధారమైతే 8,500, రెండు హెక్టార్ల వరకు. రాష్ట్రం దీనికి పైన కలిపి ఇవ్వొచ్చు, ఈసారి వరికి ఎకరాకు 10,000 అని ప్రకటించారు. 3 అంగుళాలకు మించి పడిన ఇసుక తీయడానికి హెక్టారుకు 18,000, ఇది సన్న, చిన్నకారు రైతులకే. పొలం ఏట్లో కలిసిపోతే ఆ పద్దు ఇంకొకటి, హెక్టారుకు 47,000. అందుకే "3 అంగుళాలకు పైన" అన్న మాట రిపోర్టులో పడాలి. స్కేలు లేదా టేపు గుంతలో నిలబెట్టి, పాత నల్లమట్టి, పై ఇసుక రెండూ కనపడేలా, తేదీ, లొకేషన్ పడే యాప్‌తో ఫోటోలు తీయండి. పొలానికి నాలుగు మూలలా, మధ్యలో.

కౌలు వరి సంగతి: ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) ఎవరి పేరు ఎక్కితే పంట డబ్బు వాళ్లకి. పంట సాగుదారు హక్కు పత్రం ఉంటే మీ పేరే ఎక్కి ఉండాలి, రైతు సేవా కేంద్రంలో ఇవాళే చూసుకోండి. ఆ పత్రం 11 నెలలకే చెల్లుతుంది, గడువు కూడా చూడండి. ఈకేవైసీ వేలిముద్ర పడకపోతే పేరు ఉన్నా డబ్బు ఆగుతుంది. నష్టపోయిన వారి జాబితా కేంద్రంలో అంటిస్తారు. అప్పుడు చూసి అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. జాబితా ఖాయమయ్యాక మండలానికి ఎన్నిసార్లు తిరిగినా పని కాదు.

గేదె: పాడి గేదెకు కేంద్ర లెక్క 37,500. పూడ్చక ముందే పశువైద్యుడు చూడాల్సింది. ఇప్పటికైనా చెవి పోగు మీద 12 అంకెల నంబరు, ఫోటోలు, వీఆర్వో పంచనామా, ఇద్దరు సాక్షులతో పశువైద్యశాలలో అర్జీ పెట్టండి. చెవి పోగు నంబరు ఫోటోలో కనపడితే సగం పని అయినట్టే.

హద్దు రాళ్లు కొట్టుకుపోయాయేమో చూశారా? పోయి ఉంటే సచివాలయంలో ఎఫ్-లైన్ సర్వేకు (హద్దులు కొలిచే సర్వేకు) అర్జీ పెట్టి, కొలిచాకే చదును. ఇసుక కింద గట్టు కనపడక పక్కవాడి పొలంలోకి డోజర్ వెళ్లిందంటే వరద పోయినా తగాదా పోదు.

బ్యాంకు: ప్రభుత్వం విపత్తు ప్రకటించిన ప్రాంతమైతే 2024 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం పంట రుణం రీషెడ్యూల్ అడగొచ్చు. నష్టం 33 నుంచి 50 శాతమైతే గడువు 2 ఏళ్ల దాకా, 50కి మించితే 5 ఏళ్ల దాకా, రెండింట్లోనూ మొదటి ఏడాది కట్టక్కర్లేదు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది, మాఫీ అనుకోవద్దు.

నేల_నీరు

పైన చెప్పిన ఎన్యుమరేషన్ అయ్యాక ఇసుక సంగతి.

మొదట లెక్క. ఒక ఎకరంలో ఒక అంగుళం ఇసుక అంటే 3,630 ఘనపుటడుగులు. ట్రాక్టర్ ట్రక్కుకు 100 ఘనపుటడుగులు పడతాయనుకుంటే 36 ట్రక్కులు. మీ 40 సెంట్లలో అడుగున్నర అంటే 260 ట్రక్కులు. పక్క ఎకరంలో సగటున 5 అంగుళాలంటే ఇంకో 180. రెండూ కలిపి ఎకరా 40 సెంట్లకు 18,000 లెక్కన వచ్చేది 10,200 రూపాయలు. ట్రక్కుకు 23 రూపాయలు పడుతుంది, డీజిలుకు కూడా చాలదు. కాబట్టి అంతా ఎత్తించాలన్న ఆలోచన మొదటే మానేయండి. మందాన్ని బట్టి ఎక్కడ కలపాలో, ఎక్కడ తిరగెయ్యాలో, ఎక్కడ వదిలెయ్యాలో తేల్చుకోవాలి.

ఇరవై అడుగులకొకటి చొప్పున గుంత తీసి మందం కొలిచి కాగితం మీద పొలం బొమ్మ గీసుకోండి. కంటికి చదునుగా కనపడే మేట కింద పాత సాళ్లు, కోత గుంతలు ఉంటాయి. ఒక చోట 3 అంగుళాలుంటే పది అడుగుల అవతల 9 ఉంటుంది.

3 అంగుళాల లోపు: మామూలు దుక్కిలో కలిసిపోతుంది. రేగడికి ఆ మాత్రం ఇసుక మేలే.

4 నుంచి 6 అంగుళాలు (మీ ఎకరం): ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. రోటావేటర్ వేస్తారు. అది దిగేదే 4, 5 అంగుళాలు, ఇసుకని ఇసుకలోనే తిప్పుతుంది. పైకి చూడ్డానికి పొలం తయారైనట్టుంటుంది. విత్తనం మొలుస్తుంది, నెల దాటాక వేరు ఇసుక అడుగున ఆగి పక్కలకి పాకుతుంది, రెండు తడులు తప్పితే వాడుతుంది. ఉలి నాగలి కూడా పనికిరాదు, అది నేలను చీలుస్తుందే కానీ తిరగెయ్యదు. కావలసింది రెక్క నాగలి, 50 హెచ్‌పీ ట్రాక్టరు. నాగలి ఇసుక మందానికి రెట్టింపు లోతు దిగాలి. 5 అంగుళాల ఇసుక కింద 5 అంగుళాల రేగడి పైకి రావాలి, అంటే 10 అంగుళాల దుక్కి. ఒకసారి నిలువు, వారం ఆరనిచ్చి అడ్డం, ఆ తర్వాతే గొర్రు. 6 దాటిన మచ్చలుంటే ముందు బ్లేడుతో పల్చబడేలా లాగి, ఆ తర్వాత దున్నండి.

పదును చూసి దించండి. నాగలి దిగే లోతు నుంచి రేగడి పిడికెడు తీసి ఉండ చేసి నడుం ఎత్తు నుంచి వదిలితే పగలాలి. అతుక్కునే ఉంటే ఇంకా ఆగాలి. పైన ఇసుక ఆరి కనిపిస్తుంది, కింద రేగడి బురదగానే ఉంటుంది. ఆ సమయంలో చక్రం తిరిగితే కింద పలకలా గట్టిపడుతుంది.

అడుగున్నర (40 సెంట్లు): కలపడం కుదరదు. రెండు దారులు. పొక్లెయిన్‌తో తిరగెయ్యడం: మూడడుగులకు మించి లోతున కాలవ తీసి, పక్క పట్టీలోని ఇసుకని అందులో కింద వేసి, దాని కింది నల్లమట్టిని పైన పరుచుకుంటూ పోవాలి. గంటల లెక్క అద్దె కాబట్టి ముందు పది అడుగుల పట్టీ చేయించి ఎంత సేపు పట్టిందో చూసుకుని బేరం తేల్చుకోండి. రెండో దారి, ఇసుకని ఇసుకగానే వాడుకోవడం. ఈ ఏడాదికి నా ఓటు దీనికే.

కోత గుంతలుంటే ఇసుక అక్కడికే చేర్చండి. అడుగున ఇసుక, పైన కనీసం అడుగు మట్టి.

రెండు పొరలకూ భూసార పరీక్ష వేర్వేరు సంచుల్లో పంపండి. ఒకే సంచిలో కలిపితే ఫలితానికి అర్థం ఉండదు.

గట్టుమీద

అంత లెక్కలెందుకండీ, డోజర్ పెట్టి ఏటి వైపు నెట్టేస్తే కరకట్టలాగా ఉంటుంది, మళ్లీ వరద వచ్చినా ఆపుతుంది.

నేల_నీరు

ఆపదు. వదులు ఇసుక కట్ట నీళ్లు ఎక్కిన గంటలో కరిగి, పక్కకి తెగిన చోట పొలాన్ని కోసేస్తుంది. ఈసారి అంగుళం ఒండ్రుతో బయటపడిన ఎకరం కూడా అప్పుడు పోతుంది. ఏటి పారుదలకి అడ్డం వేస్తే నీటిపారుదల వాళ్ల నోటీసు అదనం.

మున్నేరు గట్టున ఊరూరికీ మేట ఎందుకు మారుతుందో కూడా చూడండి. పై మండలాల్లో ఏరు వడిగా పారి ముతక ఇసుక వదిలింది. కింద ఏటూరు దగ్గర కృష్ణలో కలిసే చోట కృష్ణే నిండుగా ఉంటే మున్నేరు ఎగదంతుంది, నీళ్లు రోజుల తరబడి నిలిచి సన్న ఒండ్రు దిగుతుంది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటాయి, ఇక దిగువకి పోయే దారేది? నందిగామ కింది వైపు వాళ్లకి పనికొచ్చే సలహా మీకు పనికిరాకపోవడానికి కారణం ఇదే. వాళ్ల సమస్య ఇసుక కాదు, ఎండి పెంకు కట్టే ఒండ్రు. అది పెంకు కట్టకముందే గుంటకతో పగలగొట్టాలి.

ఉచితంగా ఎత్తుకుపోతానన్నాయన గురించి: పట్టా భూమిలో పడినా ఇసుక ఖనిజం కిందికే వస్తుంది. గనుల శాఖ అనుమతి లేకుండా రోడ్డెక్కితే ట్రాక్టరు పట్టుకుంటారు, పొలం మీది కాబట్టి మీ పేరూ వస్తుంది. అనుమతి కాగితం చూపిస్తేనే మాట్లాడండి. చూపించినా, బకెట్‌కి నల్లమట్టి తగలగానే ఆపాలని రాయించుకుని దగ్గరుండి చూసుకోండి. ఆయనకి కావలసింది లోతు, మీకు కావలసింది పైమట్టి.

పైరు_పరీక్ష

పత్తి, వరి ఆగవు కాబట్టి ఇవి ఇవాళ రేపట్లో చూడండి.

పత్తి: ఎండ రాగానే వాలుతోందంటే వేరుకి గాలి అందడం లేదు. సాళ్ల మధ్య నిలిచిన నీళ్లు ఉంటే కాలవ తీయండి. పది చోట్ల మొక్క పీకి చూడండి. వేరు బెరడు వేలితో లాగితే తొడుగులా ఊడొచ్చి వాసన వస్తే ఆ మొక్క పోయినట్టే. తెల్లగా గట్టిగా ఉంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొక్క మొదలు దగ్గర పొయ్యండి. వాలిన మొక్కలకి వెంటనే పొయ్యాలి, వారం ఆగితే మందు దండగ. ఆకుల మీద 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు 10 గ్రాములు, వారం తేడాతో రెండుసార్లు. కానీ ఆకు మీద ఒండ్రు పూత ఉండగా ఏ మందు కొట్టినా లోపలికి దిగదు, ముందు తైవాన్ స్ప్రేయర్‌తో ఉత్త నీళ్లు కొట్టి కడగండి. నేల కాస్త ఆరాక ఎకరాకు యూరియా 25 నుంచి 30 కిలోలు, పొటాష్ 10 నుంచి 15. ఆకు ఎర్రబడితే మెగ్నీషియం సల్ఫేట్ లీటరుకు 10 గ్రాములు. నేల మీద తేలిన కింది కాయలు కుళ్లుతాయి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

వరి: దుబ్బు పీకి కాండం మొదట్లో బ్లేడుతో నిలువునా చీల్చండి. లోపలి మొవ్వు తెల్లగా గట్టిగా ఉంటే బతుకుతుంది. గోధుమ రంగు తిరిగి మెత్తబడితే లేదు. పొలంలో నాలుగైదు చోట్ల అడుగు చదరంలో దుబ్బులు లెక్కపెట్టి, బతికినవి సగానికి పైనుంటే ఉంచుకోండి. ఖాళీల్లో, బతికిన దుబ్బుల నుంచే పిలకలు విడదీసి నాటుకోవచ్చు.

నీళ్లు తీసిన రోజే యూరియా చల్లేస్తారు, అది తప్పు. వేరు తీసుకునే స్థితిలో ఉండదు, చల్లింది నీళ్లతో పోతుంది. పల్చగా అంగుళం నీరు ఉంచి, కొత్త ఆకు పచ్చగా పైకి వచ్చాక యూరియా 20 నుంచి 25 కిలోలు, పొటాష్ 10 నుంచి 15. జింకు లోపం కనపడితే జింకు సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు పిచికారి. ఆకు అంచుల వెంట పసుపు చారలు పై నుంచి కిందికి దిగుతున్నాయంటే ఎండాకు తెగులు. అది కనపడితే యూరియా పూర్తిగా ఆపి పొటాష్ ఒక్కటే వెయ్యండి, మీ పొలం నీళ్లు పక్క మడిలోకి పోనివ్వొద్దు. పాముపొడ వస్తే హెక్సాకొనజోల్ లీటరుకు 2 మిల్లీలీటర్లు.

మీ ఏటి పక్క చెక్కల్లో వచ్చే ఏడాది వరి పెట్టేటట్టయితే రకం మార్చండి. స్వర్ణ సబ్-1 రెండు వారాల దాకా మునక తట్టుకుంటుంది. బీపీటీ 5204 అలాంటి చోట పెట్టే రకం కాదు.

దున్నిన ఎకరంలో రబీకి మొక్కజొన్న అనుకుంటే ఒక మాట. మునిగిన నేలలో వేర్లకి భాస్వరం అందించే బూజు తగ్గిపోతుంది. పరీక్షలో భాస్వరం బాగానే ఉన్నా మొక్క ఊదారంగు తిరిగి గిడసబారుతుంది. డీఏపీ వెదజల్లకుండా విత్తనం పక్కన సాలులో పడేలా వెయ్యండి. లేదంటే ముందు మినుము వెయ్యండి, నేల కోలుకుంటుంది.

మోటారు_మెగ్గర్

బోరు మోటారు ఆన్ చేసి బురద లాగిద్దాం అనుకోకండి. సన్న ఇసుక ఇంపెల్లర్లనీ అడుగు బేరింగునీ అరగదీస్తుంది, గంట కూడా పట్టదు.

ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు మీరు ముట్టుకోవద్దు, 1912కి చెప్పి లైన్‌మన్ వచ్చాకే. మోటారు పైకి లాగాక తాడుకి బరువు కట్టి బోరు లోతు కొలవండి. తవ్వించినప్పటి లోతుకీ ఇప్పటికీ తేడా ఎంతో అంత పూడిక. కంప్రెషర్‌తో నీళ్లు తేటపడేదాకా ఫ్లషింగ్ చేయించండి. దించేముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) వైండింగుకీ బాడీకీ మధ్య చూడాలి, 1 మెగోమ్ కంటే తక్కువుంటే దించొద్దు. కేబుల్ జాయింట్లు విప్పి కొత్తగా వెయ్యండి, ఎక్కువ మోటార్లు కాలేది అక్కడే.

స్టార్టర్ డబ్బా: కాంటాక్టర్ మంచినీళ్లతో కడిగి రెండు మూడు రోజులు ఎండలో పెడితే పనిచేయొచ్చు. ఎంసీబీ, రిలే, కెపాసిటర్లు మాత్రం పారేసి కొత్తవి. మునిగిన ఎంసీబీ పైకి బాగానే ఆన్ అవుతుంది, షార్ట్ అయినప్పుడు ట్రిప్ అవ్వకపోవచ్చు.

ఆ బోరు నీళ్లే తాగుతుంటే: 6 అంగుళాల బోరులో 100 అడుగుల నీటి మట్టానికి దాదాపు 550 లీటర్లు. దానికి 100 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ బకెట్ నీళ్లలో కలిపి, తేట మాత్రం పోసి, రాత్రంతా ఉంచి, వాసన పోయేదాకా తోడి పారబోయండి.

పాడి_1962

ఉన్న గేదె సంగతి ఎవరూ చూడలేదు. గొంతువాపు టీకా వానలకు ముందు వేయించారా? లేకపోతే వెంటనే వేయించండి, ముంపు తర్వాత వచ్చే మొదటి జబ్బు అదే. ఒక్కరోజులో జ్వరం, గొంతు కింద వాపు, గురక. సాయంత్రం దాకా చూద్దాం అంటే మిగలదు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

వామి విప్పి మూడు భాగాలు చేయండి. పొడిది వేరు. తడిసింది కానీ బూజు పట్టనిది పల్చగా ఆరబెట్టి ముందు మేపెయ్యండి. నల్లగా, బూడిద రంగు బూజుతో ఉన్నది ఆరబెట్టి కూడా పెట్టొద్దు. దానివల్ల గేదెలకి డెగ్నాలా వస్తుంది: తోక చివర, చెవుల కొనలు, గిట్టల పైభాగం నల్లబడి ఎండి రాలిపోతాయి. ఆ గడ్డి ఇసుక చెక్కలోకి తోలండి, అక్కడ దాని అవసరం ఉంది.

ఒండ్రు పట్టిన పచ్చగడ్డి కడిగి వెయ్యండి. గుంటల పక్కన గడ్డి కొన్నాళ్లు మేపొద్దు, నత్తల వల్ల కాలేయపు జలగ వ్యాధి వస్తుంది. మూడు నాలుగు నెలల తర్వాత పేడ పరీక్ష చేయించండి. పాలు పిండే ముందు పొదుగు పర్మాంగనేట్ నీళ్లతో కడిగి, తుడిచి, అప్పుడు పిండండి.

ఏటిగట్టు_రైతు

అందరికీ ధన్యవాదాలండి. వ్యవసాయ సహాయకుడు ఎల్లుండి వస్తానన్నారు. ఇసుక ఆయనకి వద్దని చెప్పేశాం. నేల_నీరు గారూ, ఆ 40 సెంట్లలో ఇసుకని ఇసుకగానే వాడుకోవడం అంటే పుచ్చ వెయ్యమనా? ఎప్పుడు, ఎలా?

నేల_నీరు

పుచ్చ లేదా దోస. డిసెంబరు ఆఖరు నుంచి జనవరిలో విత్తనం. సాలుకీ సాలుకీ 8 అడుగులు, పాదుకీ పాదుకీ 3 అడుగులు. పాదు గుంత ఇసుక దాటి నల్లమట్టి తగిలేదాకా తవ్వాలి, అంటే మీ దగ్గర అడుగున్నర పైన. ఆ మట్టిని గడ్డపారతో గుల్ల చేసి, చివికిన పశువుల ఎరువు 3 కిలోలు, కింది మట్టి కలిపి నింపండి. వేరు మట్టిని పట్టుకుంటే తర్వాత తడి గురించి భయం ఉండదు. గుంత ఇసుకలోనే ఆగిపోతే రోజూ నీళ్లు పెట్టినా కాయ ఎదగదు.

ఎరువు ఒకేసారి వేస్తే ఇసుకలో నిలవదు, పదేసి రోజులకి కొంచెం కొంచెం. డ్రిప్ ఉంటే రోజూ తక్కువ సేపు వదలండి. ఆ బూజు గడ్డి సాళ్ల మధ్య పరిస్తే మధ్యాహ్నం ఇసుక కాక తీగకి తగలదు.

పుచ్చ అయిపోయాక జూన్‌లో జీలుగ (పచ్చిరొట్ట పైరు) ఎకరాకు 12 కిలోల లెక్కన, అంటే మీకు 5 కిలోలు చల్లి, పూత దశలో దున్నెయ్యండి. పొక్లెయిన్ పెట్టాలా వద్దా అన్నది అప్పుడు మళ్లీ గుంత తీసి చూసి తేల్చుకోవచ్చు.